నూట నలభై ఏడో వరుస

సోమవారం పొద్దున మీటింగులో పదకొండు మంది ఆమె కోసం చప్పట్లు కొట్టారు. కొట్టమన్నది ఆఫీసు నడిపే ర్యాంకు గారు. ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, నోరు తెరిస్తే ర్యాంకు తప్ప ఇంకో మాట రాదు కాబట్టి ఆఫీసంతా చాటున ఆయన్ని అలాగే పిలుచుకుంటుంది. గోడమీది తెరపై ఒక గీత కనబడుతోంది. మూడు వారాలు నేలబారుగా పాకిన గీత నాలుగో వారం ఒక్కసారిగా మెట్టెక్కింది.

"ఇది మన అరవై చేసిన పని. చూసి నేర్చుకోండి," అన్నాడాయన.

అరవై అంటే ఆమె. వయసు ముప్ఫై రెండే. శీర్షిక అరవై అక్షరాలు దాటకూడదు, దాటితే తోక తెగి మూడు చుక్కలు పడతాయి అని కొత్తగా చేరినవాళ్ళకి చెప్పీ చెప్పీ ఆ పేరు తెచ్చుకుంది. గుడులకీ ఒత్తులకీ కూడా కంప్యూటరు విడిగా లెక్క కడుతుంది కాబట్టి తెలుగులో అరవై అంటే నిజానికి ఏడెనిమిది మాటలే. ఫోనులో మనం ఏదైనా వెతికితే ఒకదాని కింద ఒకటి జాబితా వస్తుంది కదా, పైన నీలం రంగులో ఒక లైనూ, దాని కింద బూడిద రంగులో రెండు లైన్లూ. ఆ మూడు లైన్లూ ఎవరో ఒకరు కూర్చుని రాయాలని చాలామందికి తోచదు. ఆమె తొమ్మిదేళ్ళుగా రాస్తోంది. చెప్పుల షాపులకి రాసింది, పళ్ళ డాక్టర్లకి రాసింది, పరుపుల కంపెనీలకి రాసింది. ఆమె రాసిన మాటలు చదవని ఫోను ఊళ్ళో ఉండకపోవచ్చు. ఆమె రాసిందని తెలిసినవాళ్ళు మాత్రం ఆ గదిలో ఉన్న పదకొండు మందే.

ఇప్పుడు రాస్తున్నది ఇంటికొచ్చి కుట్టు మిషన్లు బాగుచేసే ఒక కంపెనీకి. ఊళ్ళో రెండు వందల పన్నెండు పేటలకి రెండు వందల పన్నెండు పేజీలు. పట్టికలో పేటకొక వరుస. మెకానిక్కు ఏ మూల నుంచి బయల్దేరినా పేజీ మాత్రం 'మీ పేటలోనే' అనాలి. అంతకుముందు రాసినవాడు ప్రతి వరుసలోనూ 'నిపుణులైన సాంకేతిక సిబ్బందిచే కుట్టు యంత్రముల మరమ్మతు సేవలు' అని అతికించి పోయాడు. అది చదివి ఫోన్ చేసే మనిషి ఈ భూమ్మీద పుట్టలేదని ఆమెకి చూడగానే తెలిసింది. అది తీసేసి ఇలా రాసింది: 'కింద దారం ముద్ద కడుతోందా? కుట్టు వదిలేస్తోందా? బరువుగా తిరుగుతోందా? మిషను కదపొద్దు. మెకానిక్కే మీ ఇంటికి వస్తాడు.'

నాలుగో వారానికల్లా కాల్స్ రెండింతలయ్యాయి.

"ఎలా వచ్చిందమ్మా నీకీ ఆలోచన?" అని ర్యాంకు గారు అందరిముందూ అడిగాడు.

"వాడేవాళ్ళు ఎలా మాట్లాడతారో గమనించాను సార్," అంది.

అబద్ధమేం కాదు. ఎక్కడ గమనించిందో చెప్పలేదంతే. చప్పట్లు అయిపోయాక సీటుకి వచ్చి కూర్చుంటే చెవులు వేడిగా ఉన్నాయి. మెప్పు ఎవరికి చేదు? ఆ రోజంతా ఆమె కొంచెం గట్టిగానే టైపు చేసింది.

ఆమె నాన్న కుట్టు మిషన్ల మెకానిక్కు. ఇంటి ముందుగదే షాపు. గదికి వెనక ఒక తెర, తెర వెనక ఇల్లు. ముప్ఫై ఆరేళ్ళుగా ఆయనకొక పద్ధతి ఉంది. మిషను తెచ్చినవాళ్ళు ఏం చెబితే అది, వాళ్ళ నోట్లోంచి వచ్చింది వచ్చినట్టు, పుస్తకంలో రాయాలి. సర్ది రాయకూడదు. రాయడం అమ్మ పని. 'ఇదేంటి, ముక్కుతూ నడుస్తోంది అంటే ఏం అర్థమవుతుంది?' అని పెళ్ళయిన కొత్తలో అమ్మ దాన్ని 'సరిగా నడవడం లేదు' అని మార్చి రాసిందట. ఆయన ఆ మిషను ముందు పొద్దంతా కూర్చుని, సాయంత్రం వాళ్ళింటికి నడిచి వెళ్ళి, "అమ్మా, మీరు నిన్న అన్న మాట ఇంకోసారి అనండి," అని అడిగి వచ్చాడు. ముక్కుతోంది అంటే సూది కింద తిరిగే షటిల్ వెనక దారప్పోగు చుట్టుకుంది. మూలుగుతోంది అంటే నూనె ఎండిపోయింది. కింద ముద్ద కడుతోంది అంటే అందరూ కింద దారం చుట్టి ఉండే బాబిన్ని పట్టుకు వేలాడతారు గానీ దొంగ పైదారంలో ఉంటుంది. తెచ్చినవాళ్ళకి రోగం తెలీదు, కానీ వాళ్ళ మాటకి తెలుసు అంటాడాయన.

అలాంటి పుస్తకాలు ఇంట్లో పంతొమ్మిది ఉన్నాయి. నెలన్నర క్రితం ఒక ఆదివారం, అమ్మానాన్నా పెళ్ళికెళ్ళినప్పుడు, ఆమె వాటిలో నాలుగు పుస్తకాలకి ఫోనుతో ఫొటోలు తీసుకుంది. దొంగతనం చేస్తున్నానని అప్పుడు అనిపించలేదు. నూట నలభై ఏడో వరుసలో తమ పేట పేరు వచ్చినప్పుడు మాత్రం చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నాన్న దగ్గరికి వచ్చేవాళ్ళు తెలిసి వచ్చేవాళ్ళు, వెతుక్కుని వచ్చేవాళ్ళు కాదు అని సర్దిచెప్పుకుని, పై వరుసలో ఉన్నదే అక్కడా అతికించింది. మూడేళ్ళ క్రితం నాన్న షాపుకి కూడా తనే ఒక చిన్న పేజీ పెట్టింది. ఫొటో, ఫోను నంబరు, ఎన్ని గంటలకి తెరుస్తారో. పేటలో ఎవరు వెతికినా ఇన్నాళ్ళూ మొదట అదే వచ్చేది. దాని నెత్తిన ఇంకోటి వచ్చి కూర్చుంటుందని ఆమెకి తెలియక కాదు. తెలిసినదాన్ని తలుచుకోకుండా ఉండటం కూడా ఒక విద్యే, తొమ్మిదేళ్ళలో అది ఆమెకి బాగా పట్టుబడింది.

మంగళవారం సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి నాన్న ఖాళీ బల్లని గుడ్డతో తుడుస్తున్నాడు. స్క్రూడ్రైవర్లు పొడుగు వారీగా పేర్చి ఉన్నాయి. పని లేనప్పుడు ఆయన చేసే పని అది. పుస్తకంలో మూడు రోజులుగా కొత్త లైను లేదు.

"సీజన్ కాదులే," అన్నాడు, ఎవరూ అడగకపోయినా.

అప్పుడే వెనక వీధి టైలరమ్మ మిషను తలని చంటిపిల్లలా చంకనేసుకుని వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆయన దగ్గరే చేయించుకుంటోంది. బల్ల మీద పెట్టి, రొప్పు తీర్చుకుని, ముందు తిట్లు మొదలెట్టింది.

"ఎవడో టీషర్టువాడు వచ్చాడు అన్నయ్యా. పది నిమిషాలు చూశాడు. షటిల్ మొత్తం మార్చాలన్నాడు, మార్చాడు. ఇప్పుడు ముందుకన్నా ఎక్కువ కొడుతోంది."

"మరి నన్ను పిలవకుండా వాణ్ణెందుకు పిలిచావమ్మా?"

"మీరనుకునే పిలిచాను. నా ఫోను పోయింది, కొత్తదాంట్లో మీ నంబరు లేదు. వెతికితే మన పేట అనే ఉంది. పైగా అన్నీ మన మాటలే. కదపొద్దు అని కూడా ఉంది. ఫోనులో మీరనే మాటే కదా అది? ఇంకెవరంటారు?"

"ఏదీ, చదువు."

టైలరమ్మ ఫోను దూరంగా పట్టుకుని చదివింది. తెరకి అవతల, నీళ్ళు తాగడానికి వంటగట్టు దగ్గరికి వెళ్ళిన కూతురి చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. నాన్న ఇంకోసారి చదవమన్నాడు. టైలరమ్మ చదివింది.

"బాగా రాశాడే," అన్నాడు నాన్న.

"మీ గిరాకీ వాడు పట్టుకుపోతుంటే మీరు మెచ్చుకోవడం ఒకటి."

"అది వేరమ్మా. రాసిన మనిషి గురించి అంటున్నా. దారం ముద్ద, కుట్టు వదలడం, బరువు. ఈ వరస చూడు. పైదారం, సూది, షటిల్. నేను మిషను చూసే వరసే ఇది. వీడెవడో మిషను ముందు కూర్చున్నవాడు. ఊరికే రాయలేదు."

తెర పక్కకి తీసి వెళ్ళి 'నేనే నాన్నా' అనేస్తే అయిపోయేది. నవ్వేవాడేమో కూడా. కానీ బల్ల మీద పేర్చిన స్క్రూడ్రైవర్లు కళ్ళముందున్నాయి. ఆ సాయంత్రం అనలేకపోయింది. తర్వాత చాలాసార్లు ఆ సాయంత్రాన్ని తలుచుకుని తనని తాను తిట్టుకుంది.

నాన్న టైలరమ్మ మిషనుకి కొత్త షటిల్ విప్పి, పాతది తెచ్చిందేమోనని అడిగాడు. సంచిలో ఉంది. దాన్ని కిరోసిన్‌లో ముంచి, గుడ్డతో తుడిచి, వెలుతురుకి ఎత్తి చూసి, తిరిగి అదే బిగించాడు. సూది మార్చాడు. అరగంట పట్టింది. మిషను పట్టుగుడ్డ మీద నడిచినట్టు నడిచింది.

కూతురు ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే ఆయన, "షాపులకి బోర్డులు రాస్తుంది, కంప్యూటర్లో," అని చెబుతాడు. ఆ రోజు టైలరమ్మ వెళ్ళిపోతూ, "మీ అమ్మాయి చేత మీక్కూడా అలాంటిది ఒకటి రాయించుకోవచ్చుగా," అంది.

"దానికి పెద్ద పెద్ద కంపెనీల పనుంటుంది. మన డొక్కు షాపుకి దాన్నెక్కడ కూర్చోబెడతాం," అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండునని ఆమెకి అనిపించింది.

బుధవారం ఆమె మిగతావాళ్ళకన్నా గంట ముందు ఆఫీసుకి వెళ్ళింది. కంపెనీవాళ్ళ పేజీలు సరిదిద్దే తాళం ఆఫీసు కంప్యూటర్లలోనే ఉంటుంది. నూట నలభై ఏడో వరుస తెరిచింది. శీర్షిక గడి, వివరణ గడి, వాటి కింద ఎవరూ ముట్టుకోని చిన్న చదరం. పక్కన 'వెతుకులాటలో చూపవద్దు' అని ఉంటుంది. పూర్తికాని పేజీలు బయటపడకుండా ఉండటానికి దాన్ని వాడతారు. దాని మీద నొక్కితే పేజీ ఎక్కడికీ పోదు, ఉన్నచోటే ఉంటుంది. కాకపోతే వెతికేవాళ్ళ కంటికి ఆనదు. మనుషుల్లో కూడా అలాంటివాళ్ళు కొంతమంది ఉంటారు.

రెండు వందల పన్నెండులో ఒకటి. ఎవడు చూడొచ్చాడు? నొక్కింది. సరిపోదని, వెంటనే తీసేయమని వెతుకులాటవాళ్ళకి విడిగా ఒక అర్జీ కూడా పెట్టింది. తీసేయమంటే వాళ్ళు ఒక్క రోజులో తీసేస్తారు. తిరిగి చేర్చుకోవడానికి మాత్రం వాళ్ళిష్టం, వారం పట్టొచ్చు, నెల పట్టొచ్చు. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఆ రోజు అదే ధైర్యంగా అనిపించింది.

గురువారం మధ్యాహ్నం కంపెనీ పేజీ చిరునామా కొట్టి సరిచూసింది. జాబితాలో లేదు. ఊపిరి పీల్చుకుంది. వృత్తిలో ఉన్నవాళ్ళు అలాగే చూస్తారు, ఫలానా పేజీ ఉందా లేదా అని నేరుగా. మిషను చెడిపోయిన ఇల్లాలు ఎలా వెతుకుతుందో అలా వెతికి, ఆ ఖాళీ అయిన చోట ఇప్పుడేం కనబడుతోందో చూడాలని ఆమెకి తోచలేదు. చూసి ఉంటే గురువారమే తెలిసేది.

ఇంట్లో గురువారం నుంచి నాన్న వేరే మనిషిలా ఉన్నాడు. పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. ఎప్పుడూ గూట్లో పడి ఉండే ఫోను ఇప్పుడు బల్ల మీద, ఎడమచేతి పక్కన, ముఖం పైకి పెట్టి ఉంటోంది. తింటున్నప్పుడు కూడా పక్కనే పెట్టుకున్నాడు. చార్జింగ్ తగ్గకుండా రెండుసార్లు వైరు గుచ్చాడు. పనిముట్ల సంచి తుడిచి, నూనె డబ్బా మూత బిగించి, గుమ్మం దగ్గర సిద్ధంగా పెట్టాడు.

"ఎక్కడికైనా వెళ్తున్నావా నాన్నా?"

"ఏం లేదు. పిలుపొస్తే వెతుక్కోకుండా ఉంటుందని."

వస్తుందిలే నాన్నా అనుకుంది ఆమె లోపల. మనసు తేలికై, శుక్రవారం ఆఫీసులో కొత్తవాళ్ళకి టీ కూడా ఇప్పించింది. "అక్కా, ఏంటి విశేషం?" అంటే, "ఊరికే," అంది. తప్పు చేసినట్టు గానీ, దిద్దుకున్నట్టు గానీ కాదు, రెంటికీ మధ్య ఏదో గెలిచినట్టు ఉంది. అమ్మ మాత్రం ఆమె కళ్ళలోకి చూడటం మానేసింది. అడిగితే నడుంనొప్పి అంది.

శనివారం ఆమెకి సెలవు. మధ్యాహ్నం దాకా షాపులోకి ఒక్క మనిషి రాలేదు. ఫోను ఒక్కసారి మోగితే నాన్న రెండు చేతులతో అందుకున్నాడు. ఎవరో తప్పు నంబరు. "పర్లేదండీ," అని మర్యాదగా పెట్టేశాడు. ఆయన మొహం చూసి ఆమెకి అనుమానమేసింది. వెనకగదిలో మంచం మీద కూర్చుని, మొదటిసారిగా, వెతికేవాళ్ళు వెతికినట్టు, తమ పేట పేరు కొట్టి పక్కన కుట్టు మిషను రిపేరు అని కొట్టింది.

కంపెనీ పేజీ లేదు. మొదట వచ్చింది నాన్న షాపే. మూడేళ్ళ క్రితం తను తీసిన ఫొటో, గుమ్మంలో నవ్వుతూ నాన్న. షాపు పేరు కింద, వేళలు ఉండాల్సిన చోట, ఎర్ర అక్షరాలు: 'శాశ్వతంగా మూసివేశారు.'

తెరకి అవతల నాన్న స్టూలు కిర్రుమనడం వినిపిస్తోంది. మూసేసిన షాపులో ఆయన కూర్చుని ఉన్నాడు. ఆమె ఇంకోసారి వెతికింది. ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి.

అమ్మని పెరట్లోకి తీసుకెళ్ళి చూపించింది. అమ్మకి చదువు వచ్చు కాబట్టి చదివింది. చదివి, కొంగుతో మెడ తుడుచుకుంది.

"అదేదో నొక్కుతానన్నాడు ఆ వచ్చినాయన. అదేనేమో."

"ఎవరొచ్చారమ్మా?"

"ఆ కంపెనీ ఏజెంటు. బుధవారం, నువ్వు ఆఫీసుకెళ్ళాక. మన పేట నుంచి తెగ కాల్స్ వస్తున్నాయట, వంతెన అవతల నుంచి మెకానిక్కుని పంపలేక చస్తున్నారట. బాబాయ్ బాబాయ్ అంటూ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నాన్నకి బండి లేదుగా, ఈ ఒక్క పేట ఇస్తాం చాలు అన్నాడు. చేరినవాళ్ళకి వేరే షాపు ఉండకూడదు, అది రూలు బాబాయ్ అని నాన్న ఫోను తీసుకుని ఏదో నొక్కాడు. టీషర్టు కూడా ఇచ్చాడు. పెట్టెలో పెట్టాను."

"నాన్న ఒప్పుకున్నారా? టీషర్టుగాళ్ళని అన్నేసి మాటలనేవారు."

"అందుకే నీకు చెప్పొద్దన్నారు. మొదటి కాల్ వచ్చి, పని చేసి, అప్పుడు చెబుతారట. నీ ముందు చిన్నబోతానని." అమ్మ గొంతు తగ్గించింది. "నాలుగు రోజులైంది. ఒక్కటీ రాలేదు. ఎందుకంటావ్?"

ఎందుకో ఈ ప్రపంచంలో తెలిసిన మనిషి ఒక్కతే. ఆమె గోడకి ఆనుకుంది. బుధవారం పొద్దున ఆ చదరం మీద తను నొక్కిన వేళకి ఆ ఏజెంటు ఇంకా పేటలోకి అడుగు పెట్టి ఉండడు. కాల్స్ పెరగబట్టే వచ్చాడు, కాల్స్ పెంచింది తను. వచ్చేసరికి కాల్స్ ఆపేసింది కూడా తనే. ఒక చేత్తో గుంత తవ్వి, ఇంకో చేత్తో నిచ్చెన లాగేసినట్టయింది. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలీలేదు.

ఆదివారమంతా నాన్న షాపుని తిరిగి తెరిపించే గడులు నింపుతూ కూర్చుంది. మూసెయ్యడానికి ఎవడో ఒక వేలితో నొక్కితే సరిపోయింది. తెరిచే ఉందని నమ్మించడానికి బోర్డు ఫొటో కావాలట, వీధి ఫొటో కావాలట, కరెంటు బిల్లు కావాలట, అన్నీ చూసి రెండు వారాల్లో చెబుతారట. సగంలో ఇంకో సంగతి గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. షాపు తెరిచి ఉన్నట్టు కనబడితే ఆ కంపెనీ నాన్నని తీసేస్తుంది. ఫోను బోర్లా పెట్టేసింది. ముందుగదిలో నాన్న ఒక పాత మిషను విప్పి, శుభ్రంగా ఉన్న భాగాలనే మళ్ళీ శుభ్రం చేస్తున్నాడు.

సోమవారం ఆఫీసు వాచ్‌మన్ తాళం తీస్తుంటే ఆమె అతని వెనకే నిలబడి ఉంది. కంప్యూటరు వెలగడానికి పట్టిన నిమిషం గంటలా గడిచింది. చదరం మీద గుర్తు తీసేసింది. తిరిగి చేర్చుకోమని అర్జీ పెట్టింది. 'స్వీకరించాం. కొంత సమయం పట్టవచ్చు' అని వచ్చింది. ఆ మాటల్ని ఆమె లోపల మొక్కుకున్నట్టు రెండుసార్లు చదివింది. నాన్నకి ఒక్క వారం కాల్స్ వస్తే చాలు. మొదటివాళ్ళకి ఆయన పని తెలిస్తే చాలు, తర్వాత ఏ పేజీ అక్కర్లేదు.

పది గంటలకి మీటింగు. తెర మీద ఈసారి గీత బదులు ఒక జాబితా ఉంది.

"క్లయింటు ఇకనుంచి వారానికోసారి, చివరి మూడు రోజుల కాల్స్ చూసి, అట్టడుగు పది పేటలు తీసేస్తాడు," అన్నాడు ర్యాంకు గారు. "ఈ వారం పది ఇవి. అరవై, నీ పట్టికలోంచి ఈ వరుసలు తీసెయ్యమ్మా. పేజీలు కూడా."

ఏడోది నూట నలభై ఏడు.

"సార్, ఆ నూట నలభై ఏడులో సాంకేతికంగా చిన్న పొరపాటు జరిగింది. పొద్దున్నే సరిచేశాను. ఇంకొక్క వారం ఆగితే..."

"పొరపాటేంటి?"

"జాబితాలోంచి జారిపోయింది సార్."

"గురువారం నుంచి ఒక్క కాల్ లేదంటే జారకేం చేస్తుంది." ఆయన నవ్వాడు, దయగానే నవ్వాడు. "దానికోసం నువ్వు దిగులుపడకు. రెండు వందల రెండు పేటల్లో మనమే మొదటి ర్యాంకు. ఆ పేటని వంతెన అవతలి పేటలో కలిపేశారు. నిన్ననే అయిపోయింది నిర్ణయం."

"అక్కడ మెకానిక్కు ఉన్నాడు సార్. కొత్తగా చేర్చుకున్నారు."

"ఉంటాడు. ఉంటే మనకేం? మనం మెకానిక్కులకి రాయం కదమ్మా, క్లయింటుకి రాస్తాం."

కొత్తవాళ్ళలో ఒకరిద్దరు నవ్వారు. ఇంకో మాట ఆమె నోట్లోకి వచ్చింది, ఆ మెకానిక్కు మా నాన్న అని. ఆ మాట చెబితే ఎవరు నొక్కారో, ఎందుకు నొక్కారో కూడా చెప్పాలి. సీటుకి వచ్చి, వరుస ఎంచుకుని, తీసేయమని నొక్కింది. 'ఖాయమేనా?' అని అడిగింది కంప్యూటరు. ఖాయమే అని నొక్కింది. నూట నలభై ఎనిమిదో వరుస ఒక మెట్టు పైకి జరిగి, నూట నలభై ఏడు అయింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి షాపులో దీపం వెయ్యలేదు. నాన్న స్టూలు మీద, ఫోను మోకాలి మీద. అమ్మ పక్కన నిలబడి ఉంది.

"ఇది ఏమందో చదువమ్మాయ్," అన్నాడు. "నాకు అర్థమైంది గానీ, సరిగ్గా అర్థమైందో లేదో చూడు."

ఆమె చదివింది. మీ ప్రాంతంలో తగినంత గిరాకీ లేని కారణంగా మీతో ఒప్పందాన్ని ముగిస్తున్నాం, మీ సహకారానికి ధన్యవాదాలు. ఇలాంటివి ఎవరు రాస్తారో, ఎలా రాస్తారో ఆమెకి తెలుసు. ఎక్కడా ఒక్క అక్షరం ఎక్కువ లేదు.

"గిరాకీ లేదట," అన్నాడు నాన్న. "ముప్ఫై ఆరేళ్ళు నేనిక్కడ కూర్చుని ఏం చేశానంటావ్ మరి?" కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నట్టు అడిగాడు. తర్వాత అప్పుడే గుర్తొచ్చినట్టు, "నీకు చెప్పలేదు. వాళ్ళలో చేరాను. నాలుగు డబ్బులకోసం కాదులే. సరే, నాలుగు డబ్బులకోసమే," అన్నాడు.

ఆమె నేలమీద, ఆయన స్టూలు పక్కన కూర్చుంది.

"గిరాకీ లేకపోవడం కాదు నాన్నా. నేను ఆపేశాను. ఆ కంపెనీ పని మా ఆఫీసుదే. నీ దగ్గరికి ఎవరూ రావట్లేదని మన పేట పేజీని కనబడకుండా చేశాను, బుధవారం. నువ్వు చేరతావని అప్పుడు నాకు తెలీదు."

అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాన్న కాసేపు ఆమె తలవంక చూశాడు. ఆమె తిట్టు కోసం ఎదురుచూసింది. ఒక్క తిట్టు తిడితే బతికిపోయేది.

"నా కోసమే కదా చేశావు," అన్నాడు చివరికి. "చెప్పకుండా నేను చేరడం తప్పు, చెప్పకుండా నువ్వు ఆపడం తప్పు. సరికి సరి. పోనీలే. ముందు దీపం వెయ్యి."

ఆమె లేవలేదు. అక్కడితో ఊరుకుంటే ఇంట్లో అందరూ ఆ పూట అన్నం తినేవాళ్ళు. అది తెలిసి కూడా ఊరుకోలేకపోయింది.

"ఇంకోటుంది నాన్నా. ఆ మాటలు, టైలరమ్మత్త చదివినవి. దారం ముద్ద, కుట్టు వదలడం. అవి రాసింది నేనే. నీ పుస్తకాల్లోంచి తీసుకుని రాశాను."

నాన్న చెయ్యి బల్ల మీదికి వెళ్ళింది. పేర్చి ఉన్న స్క్రూడ్రైవర్లలో ఒకదాన్ని కొంచెం పక్కకి జరిపాడు. మళ్ళీ ఉన్నచోటికి జరిపాడు.

"నువ్వా," అన్నాడు.

"నేనే."

"ఆ ఏజెంటు సంతకం పెట్టమన్నప్పుడు నేను పెట్టనన్నాను. మీ అమ్మని అడుగు. మీవాళ్ళకి మిషనంటే ఏంటో తెలీదు, పదినిమిషాల్లో షటిల్ మార్చేసే రకం అన్నాను." ఆయన మాట నెమ్మదిగా, ముక్కలుముక్కలుగా వస్తోంది. "అప్పుడు ఆ లైన్లు గుర్తొచ్చాయి. ఇవి రాసినవాడు మీ కంపెనీలో ఉన్నాడా అని అడిగాను. ఉన్నాడు బాబాయ్ అన్నాడు. ఇంత తెలిసినవాడు అక్కడ ఒకడున్నాడు కదా, రేపేదైనా తేడా వస్తే పోయి ఆ మనిషితో మాట్లాడుకోవచ్చు అనుకున్నా. అది చూసుకునే పెట్టానమ్మా సంతకం."

గదిలో చీకటి పడింది. తేడా వచ్చేసింది. ఆ మనిషి ఆయన కాళ్ళ దగ్గరే కూర్చుని ఉంది. నాన్న ఫోను జేబులో పెట్టుకుని, ఆమెని దాటుకుని వెళ్ళి, తనే దీపం వేశాడు.